యుద్ధ విమానం నుండి సూర్య విమానానికి

మా కళాశాల వార్షిక సంచికను ఒకవైపు నుండి తెరిస్తే తెలుగు, మరొకవైపు నుండి తెరిస్తే ఉర్దూ. రెండు భాషలూ చెరొక దిక్కు నుండి బయలుదేరి నడుమ ఏదో ఒక పుటలో కలుసుకుంటాయి. తెలుగు భాగానికి ఈసారి విజ్ఞాన విషయకమైన పాఠం ఒకటి వ్రాయవలసిందని సంపాదకవర్గం కోరినప్పుడు, భాషాధ్యాపకులమైన మేము కొంత జంకిన మాట వాస్తవం. అయితే ఈ పాఠం పుట్టినది మా తరగతి గదిలోనే కనుక, దానిని వ్రాయవలసిన బాధ్యత కూడా మాదే అనిపించింది.

ద్వితీయ భాషగా తెలుగు చదువుతున్న సైన్సు విద్యార్థులకు ఒకనాడు ‘సౌరశక్తి’ని గూర్చి వ్యాసం వ్రాయమన్నాము. వచ్చిన వ్యాసాలు చూడగా, అన్నీ ఒక్క చేతితో వ్రాసినట్లే ఉన్నవి. సూర్యుడు సమస్త శక్తికీ మూలము. సౌరశక్తి అపారము, ఉచితము, నిర్మలము. బొగ్గు తరిగిపోవును, సూర్యుడు తరిగిపోడు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. కాని ఇంత సులభమైతే ప్రపంచం బొగ్గు ఎందుకు కాలుస్తున్నదన్న అనుమానం ఒక్క కాగితంలోనూ కనిపించలేదు. అందుచేత మేము ఒకే ఒక ప్రశ్న వేశాము: సూర్యుడు అస్తమించిన తరువాత ఏమి చేయాలి?

తరగతి నిశ్శబ్దమైపోయింది. చివరకు వెనుక బల్ల నుండి ఒక విద్యార్థి, “ఇన్వర్టరు ఉంటది గద సార్!” అన్నాడు. అందరూ నవ్వారు. మేము కూడా నవ్వాము. ఆ తరువాత ఆలోచిస్తే, ఆనాడు తరగతిలో సరియైన సమాధానం చెప్పినవాడు అతడొక్కడే. ఇన్వర్టరు ఎన్ని గంటలు ఇస్తుంది, దాని బరువెంత, అది వేడెక్కితే ఏమవుతుంది అన్నవి తరువాతి ప్రశ్నలు. ఈ ప్రశ్నలన్నింటినీ పసిఫిక్ మహాసముద్రం మీద, ఐదు రాత్రులు, ఒంటరిగా ఎదుర్కొన్న ఒక పూర్వ యుద్ధ విమానచోదకుని ఇక్కడ స్మరించదలచాము. ఆయన పేరు ఆంద్రే బోర్ష్‌బర్గ్. స్విట్జర్లాండు దేశీయుడు.

మన పాఠకులకు వైమానికులు కొత్తవారు కారు. అడిక్‌మెట్ వంతెన మీద నిలబడితే ఒక దిక్కున విద్యానగర్, మరొక దిక్కున విశ్వవిద్యాలయ ప్రాంగణం, దాపుననే జామియా ఉస్మానియా రైల్వే స్టేషను. తల ఎత్తితే, దుండిగల్ వైమానిక అకాడమీయో హకీంపేటయో గుర్తుకు తెచ్చే విమానపు మ్రోత అప్పుడప్పుడు వినబడుతుంది. ఈ నగరంలోనే 1923లో జన్మించి, నిజాం కళాశాలలో చదివి, 1978 నుండి 1981 వరకు భారత వైమానిక దళానికి అధిపతిగా ఉన్న ఇద్రీస్ హసన్ లతీఫ్ గారిని మా పెద్దలు గర్వంతో చెప్పుకునేవారు. ఆయన 2018లో ఈ నగరంలోనే కన్నుమూశారు. అదే నిజాం కళాశాలలో చదివిన మరొక వైమానిక దళ చోదకుడు రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్ళి, సాల్యూత్-7 అనే సోవియట్ కేంద్రంలో వారం రోజులు గడిపాడు. ఆ కేంద్రం నడిచినది సూర్యరశ్మి నుండి పుట్టిన విద్యుత్తుతోనే అన్న సంగతిని ఈ సందర్భంలో మరువరాదు. రాకేశ్ శర్మను గూర్చి మరొక ముచ్చట ఉన్నది. అది ముందు చెబుతాము.

ఇక బోర్ష్‌బర్గ్ విషయం. 1952 డిసెంబరులో ఆయన జన్మించాడు. లోజాన్‌లోని సమాఖ్య సాంకేతిక విద్యాలయంలో యంత్రశాస్త్రం చదివాడు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ విద్యాలయంలో నిర్వహణశాస్త్రం అభ్యసించాడు. స్విట్జర్లాండులో పౌరుడు తన ఉద్యోగం తాను చేసుకుంటూనే సైన్యంలోనూ సేవచేసే పద్ధతి ఉన్నది. ఆ విధంగా ఆయన ఇరవై ఏండ్లకు పైగా ఆ దేశపు వైమానిక దళంలో యుద్ధ జెట్లను నడిపాడు. జెట్ విమానమంటే దాహం తీరని ప్రాణి. అది గంట సేపట్లో త్రాగే కిరోసిన్ వర్గపు చమురు ఒక పల్లెటూరికి ఎన్నాళ్ళ దీపమో! అటువంటి యంత్రాల నడుమ యౌవనాన్ని గడిపిన మనిషి, యాభయ్యవ ఏట, చుక్క చమురు లేకుండా ఎగిరే విమానాన్ని నిర్మించే పనికి పూనుకున్నాడు.

ఆ ఊహ మొదట ఆయనది కాదు. బెర్ట్రాండ్ పికార్ అనే మానసిక వైద్యునిది. పికార్ 1999లో బ్రయన్ జోన్స్ అనే ఆంగ్లేయునితో కలిసి ఎక్కడా ఆగకుండా బెలూనులో భూగోళాన్ని చుట్టివచ్చాడు. బయలుదేరినప్పుడు 3.7 టన్నుల ప్రోపేన్ వాయువు ఉంటే, దిగేసరికి మిగిలినది 40 కిలోలు మాత్రమే. మరికొంత దూరం ఉండి ఉంటే ఏమయ్యేదన్న భయం నుండి, ఇంధనమే లేని ప్రయాణం సాధ్యమా అన్న ప్రశ్న పుట్టింది. 2003లో ఈ ప్రశ్నను లోజాన్ విద్యాలయానికి తీసుకొని వెళ్ళగా, సాధ్యాసాధ్యాల పరిశీలనకు నాయకత్వం వహించినవాడు బోర్ష్‌బర్గ్. ఒకరు కల కన్నారు, మరొకరు లెక్క వేశారు. పత్రికలలో పికార్ పేరు ముందు వస్తుంది. లెక్క వేసినవాని పేరు తరచుగా రెండవది అవుతుంది; ఇది మన ఊళ్ళలో కూడా ఉన్న ఆచారమే.

ఏడేండ్ల శ్రమ తరువాత మొదటి విమానం సిద్ధమైంది. 2010 జూలై 7వ తేదీన బోర్ష్‌బర్గ్ దానిని ఎక్కి, మరునాటి ఉదయం వరకు 26 గంటల పాటు గాలిలోనే ఉన్నాడు. మనిషి నడిపే సౌర విమానం ఒక రాత్రిని సంపూర్ణంగా దాటడం అదే ప్రథమం. మా తరగతిలో అడిగిన ప్రశ్నకు లోకంలో మొదటి సమాధానం ఆ రాత్రి దొరికింది.

రెండవ విమానం దానికంటే పెద్దది. దాని పేరు ‘సోలార్ ఇంపల్స్ 2’. ఇక్కడ కొన్ని అంకెలు చెప్పక తప్పదు. సైన్సు విద్యార్థులు కలం పట్టుకొని కూర్చుంటే మంచిది. రెక్కల కొననుండి కొనకు 72 మీటర్లు, అనగా జంబోజెట్ రెక్కల కంటే ఎక్కువ. బరువు మాత్రం 2,300 కిలోలు, ఒక పెద్ద కారుకు సమానం. పైభాగమంతా 17,248 సౌర ఘటాలు, వాటి వైశాల్యం సుమారు 270 చదరపు మీటర్లు. ఒక్కొక్క ఘటం మందం 135 మైక్రాన్లు, దాదాపు తలవెంట్రుక మందమే. నాలుగు విద్యుత్ మోటార్లు, ఒక్కొక్కటి 17.5 అశ్వశక్తి కలది. 633 కిలోల లిథియం బ్యాటరీలు. విమానపు మొత్తం బరువులో నాల్గవ వంతుకు మించి ఈ బ్యాటరీలే. పగలు మోయుచున్న రాత్రి బరువది అనవచ్చును.

ఆ బ్యాటరీలన్నీ నిండితే పట్టే విద్యుత్తు 154 కిలోవాట్-గంటలు. ఈ మాటకు బెదరనవసరం లేదు. కిలోవాట్-గంట అంటే మన ఇంటి కరెంటు బిల్లులో కనిపించే ‘యూనిట్’ తప్ప మరొకటి కాదు. 154 యూనిట్లు! మాకు వచ్చే నెలసరి బిల్లులో అంకె కొన్ని నెలలలో ఇంతకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక సామాన్య కుటుంబం నెల రోజులు ఫ్యానులు, దీపాలు, ఫ్రిజ్ నడుపుకునే కరెంటుతో ఒక విమానం సముద్రం మీద ఒక రాత్రి గడపాలి. రాత్రి పది గంటలనుకుంటే గంటకు 15 యూనిట్లు, అనగా సుమారు 20 అశ్వశక్తి. నాలుగు మోటార్లకూ పంచితే ఒక్కొక్కదానికి ఐదు. తెలంగాణా పల్లెలో బోరుబావి దగ్గర ఉండేది కూడా ఐదు అశ్వశక్తి మోటారే. నాలుగు బోరు మోటార్లు కలిసి ఒక మనిషిని పసిఫిక్ దాటించాయని చెబితే అతిశయోక్తి కాదు.

అయినను ఈ 154 యూనిట్లు చాలవు. అందువలన బోర్ష్‌బర్గ్ బృందం మరొక గాదెను కనిపెట్టింది. దాని పేరు ఎత్తు. పగలంతా ఎండ పుష్కలంగా ఉన్నప్పుడు విమానాన్ని క్రమంగా 8,500 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తారు. సూర్యుడు దిగిన తరువాత మోటార్లను తగ్గించి, మెల్లమెల్లగా జారుతూ 1,500 మీటర్లకు దిగుతారు. ఆ పిమ్మటనే బ్యాటరీలను ముట్టుకుంటారు. తొమ్మిదవ తరగతిలో అందరమూ వల్లించిన స్థితిశక్తి సూత్రమే ఇది. 2,300 కిలోల బరువు, 7,000 మీటర్ల ఎత్తు, గురుత్వ త్వరణం 9.8: గుణించి, యూనిట్లలోకి మారిస్తే సుమారు 44 వస్తుంది. బ్యాటరీలలో ఉన్నదానికి నాల్గవ వంతుకు మించిన శక్తిని ఏ పెట్టెలోనూ పెట్టకుండా, ఆకాశంలోనే దాచుకున్నారన్నమాట. కొంత గాలిలో వృథా అవుతుంది, నిజమే. అయినా ఈ లెక్క వేసి చూపినప్పుడు మా విద్యార్థుల ముఖాలలో కనిపించిన వెలుగు, మూడు పుటల సౌరశక్తి స్తోత్రం చదివినప్పుడు మాకు కనిపించలేదు.

2015 మార్చి 9న ఈ విమానం అబూధాబి నుండి భూప్రదక్షిణకు బయలుదేరింది. లోపల ఒక్కరికే చోటు కనుక ఇద్దరు మిత్రులూ వంతులవారీగా నడిపారు. మస్కట్ మీదుగా మార్చి 10న అహ్మదాబాదు చేరింది. అక్కడి నుండి మార్చి 18న వారణాసికి నడిపినవాడు బోర్ష్‌బర్గే. రైలులో వెళ్ళినవారు నవ్వుకోవచ్చును గాని, సుమారు 1,170 కిలోమీటర్లకు పదమూడు గంటలకు పైగా పట్టింది. మరునాడే పికార్ దానిని మయన్మారుకు తీసుకొని వెళ్ళాడు. చైనాలోని నాన్‌జింగ్‌లో వాతావరణం కోసం వారాల తరబడి ఎదురుచూశారు. అక్కడి నుండి హవాయికి బయలుదేరిన బోర్ష్‌బర్గ్, ఎదుట మేఘాల గోడ కనిపించడంతో జూన్ 1న జపానులోని నగోయాలో దిగవలసి వచ్చింది. అక్కడ మరొక నెల రోజుల నిరీక్షణ.

తొందర ఎందుకంటే, జూన్ మాసంలో ఉత్తరార్ధగోళంలో రాత్రులు అతి చిన్నవి. జూలై గడిచిన కొలదీ రాత్రి పెరుగుతుంది, బ్యాటరీ చాలదు. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ నడుమ గంటలను, నిమిషాలను లెక్కించడం మన ఇండ్లలో కొత్త విషయం కాదు. రంజాన్ మాసంలో సహ్రీ, ఇఫ్తార్ వేళల పట్టిక లేని గోడ ఉండదు. 2015లో రంజాన్ జూన్ మూడవ వారంలో ఆరంభమైంది. అంటే ఆ పెద్ద పగళ్ళలో మనం ఇక్కడ సూర్యుడు ఎప్పుడు దిగుతాడా అని గడియారం చూస్తున్న రోజులలోనే, అక్కడ నగోయాలో ఒక అరవై రెండేండ్ల మనిషి సూర్యుడు ఎంతసేపు నిలుస్తాడా అని అదే పట్టికను తలక్రిందులుగా చదువుతున్నాడు.

జూన్ 29 తెల్లవారకముందే ఆయన నగోయా నుండి బయలుదేరాడు. కొన్ని గంటలు గడిచేసరికి ఒక లోపం బయటపడింది. చోదకుడు కునుకు తీసినప్పుడు విమానాన్ని కనిపెట్టి ఉండి, ఏదైనా తేడా వస్తే ఆయనను మేల్కొలిపే హెచ్చరిక యంత్రాంగం సరిగా పనిచేయడం లేదు. మొనాకోలోని నియంత్రణ కేంద్రంలో కూర్చున్న ఇంజనీర్లు వెనుకకు రమ్మన్నారు. ఇంకను జపానుకు తిరిగి రాగల దూరంలోనే ఉన్నాడు. మరికొంత ముందుకు సాగితే తిరిగి రావడం కుదరదు. హవాయి తప్ప గతి లేదు, లేదా సముద్రంలో దూకి పడవలో కూర్చోవాలి. వాతావరణం మాత్రం చాలాకాలానికి అనుకూలించింది. బోర్ష్‌బర్గ్ ఆలోచించి, పికార్‌తో సంప్రదించి, ముందుకే సాగాడు.

ఈ నిర్ణయాన్ని గూర్చి మా అధ్యాపకుల గదిలో పెద్ద వాదమే జరిగింది. సాహసమని కొందరు, మొండితనమని కొందరు. యుద్ధ చోదకుని శిక్షణలోనే ఇటువంటి తెగింపు ఉంటుందని ఒకరు వాదించారు. మా అభిప్రాయం వేరు. యంత్రాన్ని తాము కట్టినవారు చెప్పిన మాటను కాదనడం చిన్న విషయం కాదు. అది ఫలించినంత మాత్రాన సరియైనదని చెప్పలేము. అయితే ఆయన ప్రాణం మాత్రమే పణంగా ఉన్నది, మరొక ప్రయాణికుడు లేడు. పైగా పన్నెండేండ్లుగా ఆ యంత్రం లెక్కలన్నీ ఎరిగినవాడు. నూరుగురు కూర్చున్న బస్సు నడిపేవానికి ఈ ఉదాహరణ పనికిరాదు. ఈ భేదాన్ని విద్యార్థులు గుర్తించాలి.

ఆ ప్రయాణం 117 గంటల 52 నిమిషాలు సాగింది. దాదాపు ఐదు పగళ్ళు, ఐదు రాత్రులు. సుమారు 8,900 కిలోమీటర్లు. ఒంటరిగా అంతకాలం ఆగకుండా విమానం నడిపినవారు అంతకుముందు ఎవరూ లేరు. 2006లో స్టీవ్ ఫాసెట్ నెలకొల్పిన 76 గంటల 45 నిమిషాల రికార్డు వెనుకబడింది. కూర్చున్న చోటు 3.8 ఘనమీటర్లు. ఆ కుర్చీయే మంచం, దాని అడుగే శౌచాలయం. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు కనుక ఎత్తులో ప్రాణవాయువు ముసుగు తప్పదు. నిద్ర ఒక్కొక్కసారికి ఇరవై నిమిషాలు. నిటారుగా నిలబడే వీలులేని ఆ చోట శరీరం బిగుసుకుపోకుండా ఆయన ఆశ్రయించినది యోగాసనాలను. ఆయన విమానం కోసమే ప్రత్యేకించి ఆసనాలను కూర్చి నేర్పిన గురువు భారతీయుడు. ముందు చెబుతామన్న ముచ్చట ఇదే: 1984లో రాకేశ్ శర్మ కూడా భారరహిత స్థితిలో యోగాభ్యాసం చేశాడు. మన నగరంలో చదివిన వైమానికుడు అంతరిక్షంలో పరీక్షించిన విద్యను, ముప్పది ఏండ్ల తరువాత ఒక స్విస్ వైమానికుడు సముద్రం మీద ఆశ్రయించాడు.

జూలై 3న హవాయిలోని కలయిలోవా విమానాశ్రయంలో దిగాడు. జయజయధ్వానాలు ముగిసిన తరువాత బ్యాటరీ పెట్టెలు తెరిచి చూస్తే, అవి వేడికి చెడిపోయి ఉన్నవి. మొదటిరోజు పైకి ఎక్కేటప్పుడే వేడి మితిమీరింది. ప్రతి దినమూ మళ్ళీ ఎక్కక తప్పదు కనుక చల్లార్చే మార్గం లేకపోయింది. ఎత్తులో ఉండే భయంకరమైన చలి నుండి కాపాడడానికి బ్యాటరీల చుట్టూ దట్టమైన కవచం అమర్చారు. చలిని తలచుకొని వేడిని మరచారు. తొమ్మిదవ శతాబ్దిలో కొర్డోబా నగరవాసి అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకొని ఎగిరాడనీ, పక్షి దిగేటప్పుడు తోకను ఉపయోగిస్తుందన్న సంగతి గమనించకపోవడం వలన దిగడంలో గాయపడ్డాడనీ అల్ మఖ్ఖరీ అనే చరిత్రకారుడు 17వ శతాబ్దిలో వ్రాశాడు. వేయి సంవత్సరాలు గడిచినా, మనిషి ఒకదానిని పట్టుకొని మరొకదానిని వదలివేయడం మానలేదు. విమానం తొమ్మిది నెలలకు పైగా హవాయిలో నిలిచిపోయింది. ఇంజనీర్లు వెనుకకు రమ్మన్న రోజునే వచ్చి ఉంటే ఆ బ్యాటరీల సంగతి ముందే తెలిసేదేమో! మరి ఆ ఐదు రాత్రుల అనుభవం మాత్రం దక్కేది కాదు.

2016 ఏప్రిల్ 21న పికార్ తిరిగి బయలుదేరదీశాడు. అమెరికా, అట్లాంటిక్, స్పెయిను గడిచి, సెవిల్ నుండి కైరోకు బోర్ష్‌బర్గ్ నడిపాడు. పిరమిడ్ల మీదుగా ఎగిరాడు. జూలై 26న పికార్ చేతిలో విమానం అబూధాబిలో దిగింది. మొత్తం 17 మజిలీలు, 43,000 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ.

ఇంత చెప్పిన తరువాత, “దీనివలన ప్రయోజనమేమి? రేపు మనం సౌర విమానంలో జిద్దాకు వెళ్ళగలమా?” అని అడిగే హక్కు పాఠకునికి ఉన్నది. వెళ్ళలేము. దాచిపెట్టవలసిన అవసరం లేదు. 270 చదరపు మీటర్ల ఘటాలు మిట్టమధ్యాహ్నం ఇచ్చేది 60 కిలోవాట్ల ప్రాంతం. ప్రయాణికుల జెట్ విమానం నేల విడవడానికి కావలసినది దానికి కొన్ని వందల రెట్లు. ఒక్క మనిషిని, గంటకు డెబ్బది ఎనుబది కిలోమీటర్ల వేగంతో, మంచి వాతావరణంలో మాత్రమే మోయగలిగిన యంత్రమది. దాని విలువ వేగంలో లేదు, పొదుపులో ఉన్నది. మోటారులో పోసిన విద్యుత్తులో నూటికి తొంబదికి పైగా పనిగా మారింది. మనం వాడే పెట్రోలు ఇంజను నూటికి ముప్పది ఇస్తే గొప్ప. ఆ పొదుపును బోర్ష్‌బర్గ్ అక్కడితో విడిచిపెట్టలేదు. సహచరులతో కలిసి ‘హెచ్55’ అనే సంస్థను స్థాపించి, బ్యాటరీతో నడిచే చిన్న శిక్షణ విమానాల మీద పనిచేస్తూ వచ్చాడు. యుద్ధ చోదకునిగా శిక్షణ పొందినవాడు శిక్షణ విమానాలనే ఎంచుకోవడం మాకు సమంజసంగా తోచింది.

నేల మీద రాత్రి సమస్య మన కండ్ల ముందే ఉన్నది. అప్పటి కర్నూలు జిల్లా పాణ్యం మండలంలో 1,000 మెగావాట్ల సౌర క్షేత్రం 2017లో పూర్తయింది. రామగుండం జలాశయం నీటిపై తేలే 100 మెగావాట్ల పలకలు 2022 జూలై నాటికి పూర్తిగా పనిచేయడం ఆరంభించాయి. ఇవి పగటి సిరులు. రామగుండంలో ఆ పలకల ప్రక్కనే బొగ్గు పొగగొట్టాలు నిలిచి ఉన్నవంటే, కారణం మా విద్యార్థులు ఖాళీగా విడిచిన ఆ ఒక్క ప్రశ్న.

ఒక్క విషయం మిగిలినది. దానిని వ్రాయడానికి మా చేయి కొంత వెనుకాడింది. ఆ విమానాన్ని 2019లో స్కైడ్వెల్లర్ అనే సంస్థ కొనుగోలు చేసింది. చోదకుని కుర్చీని తీసివేసి, మనిషి లేకుండా రోజుల తరబడి ఆకాశంలో నిలిచి నేలను కనిపెట్టే నిఘా విమానంగా దానిని మార్చారు. అమెరికా నౌకాదళం దానిపట్ల ఆసక్తి చూపింది. మనిషి సైన్యం నుండి బయటకు వచ్చి సూర్యుని వైపు నడిచాడు. ఆయన కట్టిన విమానం అదే దారిలో ఎదురు నడిచింది. అలసిపోని విమానం వరదలను, కార్చిచ్చులను కూడా కనిపెట్టగలదని ఆ వ్యాసం వ్రాసిన తరగతిలోనే ఒక విద్యార్థిని వాదించింది. వెనుక బల్ల విద్యార్థి ఒప్పుకోలేదు. గంట మ్రోగేసరికి వాదం తేలలేదు. వచ్చే సంవత్సరపు వక్తృత్వ పోటీకి, రెండు భాషలలోనూ, ఇదే విషయాన్ని నిర్ణయించాము. పాల్గొనదలచినవారు తమ పేర్లను తెలుగు శాఖలో గాని, ఉర్దూ శాఖలో గాని ఇవ్వవచ్చును.